ఏది ఆలస్యం? భోజన వేళలూ, టీనేజీ పిల్లల ఒంటి కొవ్వూ

బ్రిటన్ జాతీయ ఆహార సర్వేలో 2008 నుంచి 2012 వరకు పాల్గొన్న 4–18 ఏళ్ళ పిల్లలు 1,620 మంది ఆహార వివరాలను లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు మళ్ళీ పరిశీలించి, రాత్రి ఎనిమిది తర్వాత భోంచేసే పిల్లలు అంతకుముందే తినేసే పిల్లలకంటే లావుగా ఉంటున్నారా అని లెక్కగట్టారు. చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదని 2016లో ప్రకటించారు; ఏదో ఒక సంబంధం బయటపడుతుందనే వాళ్ళూ ఎదురుచూశారు. మరుసటి ఏడాదే, 18–22 ఏళ్ళ కళాశాల విద్యార్థులు 110 మందిపై బోస్టన్ పరిశోధకుడు ఆండ్రూ మెక్‌హిల్ బృందం జరిపిన అధ్యయనం వెలువడింది. ఆలస్యంగా తినేవారి ఒంట్లో కొవ్వు శాతం ఎక్కువగా ఉందన్నది దాని సారం. మొదటిదాన్ని చూపి ఎప్పుడు తిన్నా ఒకటేననీ, రెండోదాన్ని చూపి చీకటి పడకముందే తినేయాలనీ వాదించడం సులువే. నిజానికి ఈ రెండు అధ్యయనాల మధ్య వైరుధ్యం పైకి కనిపించేటంత లేదు. ఒకటి ఆలస్యాన్ని గోడ గడియారంతో కొలిచింది, రెండోది శరీరంలోని గడియారంతో కొలిచింది. టీనేజీలో ఈ రెండు గడియారాలూ ఒకదానికొకటి బాగా దూరం జరుగుతాయి కాబట్టి, ఏ కొలబద్ద వాడామన్నదాన్నిబట్టి జవాబు మారిపోతుంది.

బోస్టన్ బృందం అనుసరించిన పద్ధతిని కాస్త వివరంగా చూడాలి. విద్యార్థులు వారం రోజులపాటు తాము తిన్నవాటినీ తాగినవాటినీ ఫోనులో ఫోటో తీసి, వేళతో సహా నమోదు చేశారు. తర్వాత వాళ్ళను ఒక రాత్రి ప్రయోగశాలలో మసక వెలుతురులో ఉంచి, ఒక్కొక్కరిలో మెలటోనిన్ పెరగడం ఏ వేళకు మొదలవుతోందో కొలిచారు. మెదడులోని పీనియల్ గ్రంథి విడుదల చేసే ఈ హార్మోన్ శరీరానికి రాత్రి మొదలైందనడానికి గుర్తు. మామూలుగా నిద్రపోయే వేళకు సుమారు రెండు గంటల ముందు దీని పరిమాణం పెరగడం మొదలవుతుంది. తిన్న వేళలను గడియారం ప్రకారం అమర్చి చూసినప్పుడు ఒంటి కొవ్వుతో ఏ సంబంధమూ తేలలేదు. అవే వేళలను మెలటోనిన్ మొదలయ్యే క్షణానికి ఎంత ముందు అన్న లెక్కలో అమర్చగానే సంబంధం బయటపడింది. కొవ్వు శాతం ఎక్కువున్నవారు తమ కేలరీల్లో అధిక భాగాన్ని, సన్నగా ఉన్నవారితో పోలిస్తే, ఆ క్షణానికి సగటున 1.1 గంట దగ్గరగా తీసుకుంటున్నారు. మొత్తం కేలరీలు, ఆహారంలోని పోషకాల పాళ్ళు, ఒంటి కదలిక, నిద్ర నిడివి వీటిలో ఏదీ కొవ్వు శాతంతో ముడిపడలేదు.

ఈ ఫలితాన్ని యథాతథంగా నెత్తికెత్తుకోవడానికి రెండు అడ్డంకులున్నాయి. తినే వేళనూ కొవ్వునూ ఒకే కాలంలో కొలిచిన అధ్యయనం ఏది కారణమో, ఏది ఫలితమో చెప్పలేదు. పైగా, మనుషులు తమ తిండిని తామే నమోదు చేసేటప్పుడు తక్కువ చేసి చూపడం, ఆ అలవాటు లావుగా ఉన్నవారిలో మరింత ఎక్కువగా ఉండడం పోషకాహార పరిశోధనలో చాలాకాలంగా తెలిసిన సంగతే. అందువల్ల ‘కేలరీలు సమానమే, వేళ ఒక్కటే తేడా’ అన్న మాటలో మొదటి సగాన్ని కొంత అనుమానంతోనే తీసుకోవాలి. అయినా కొలబద్దను మార్చగానే కనబడనిది కనబడిందన్న విషయం మాత్రం నిలుస్తుంది. బ్రిటన్ అధ్యయనం ఐదేళ్ళ పిల్లవాడికీ పదిహేడేళ్ళ కుర్రవాడికీ రాత్రి ఎనిమిది అనే ఒకే గీత గీసింది. ఐదేళ్ళవాడికి ఎనిమిది అంటే కళ్ళు మూతలు పడే వేళ. పదిహేడేళ్ళవాడికి అది ఇంకా సాయంత్రమే. వయసువారీగా రెండు జట్లుగా విడదీసినా, గీత మాత్రం ఇద్దరికీ ఒకటే.

శరీరంలోని గడియారాలు

ఒంట్లో గడియారం ఒకటి కాదు. మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో ఉన్న ఒక చిన్న నాడీకణాల గుంపు ప్రధాన గడియారంగా పనిచేస్తూ, కంటిలో పడే వెలుతురునుబట్టి తన వేళను సరిచేసుకుంటుంది. కాలేయం, క్లోమం, కండరాలు, కొవ్వు కణజాలం వీటన్నిటిలోనూ సొంత గడియారాలున్నాయి. వీటిని నడిపే జన్యు యంత్రాంగాన్ని ఈగలలో విప్పి చూపినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. కాలేయం వంటి అవయవాల గడియారాలు వెలుతురుకంటే తిండి వేళలకు ఎక్కువగా లోబడతాయి. వెలుతురు ఒక వేళను, తిండి మరో వేళను సూచిస్తే ప్రధాన గడియారం ఒకచోటా, కాలేయపు గడియారం ఇంకోచోటా ఉంటాయి. అర్ధరాత్రి వచ్చిపడిన పిండిపదార్థాన్ని పగటిపూటలా సర్దుకోవడం శరీరానికి కష్టం. మెలటోనిన్ పెరిగిన వేళ క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదల తగ్గుతుందని, అదే భోజనం నిద్రకు గంట ముందు చేస్తే రక్తంలో చక్కెర మరింత పెరుగుతుందని స్పెయిన్‌లో పెద్దవారిపై జరిగిన ప్రయోగాలు చూపాయి.

ఎలుకలతో చేసిన ప్రయోగాలు ఈ కథను మరింత బలంగా చెబుతాయి. చిట్టెలుకలు రాత్రిపూట తిరిగే జీవులు. వాటికి కొవ్వెక్కువ ఉన్న తిండిని పగలు, అంటే అవి నిద్రపోవాల్సిన వేళ, పెట్టినప్పుడు ఎక్కువ బరువు పెరిగాయని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో చూపారు. 2012లో సాల్క్ సంస్థలోని సచ్చిదానంద పండా బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. అదే కొవ్వు తిండిని, అదే మొత్తంలో, ఎనిమిది గంటల వ్యవధిలో మాత్రమే తిన్న ఎలుకలు రోజంతా తిన్నవాటిలా లావెక్కలేదు. నేడు ఫోన్లలో తిరుగుతున్న పదహారు గంటల ఉపవాస సలహాలకు ఈ ప్రయోగం పెద్ద ఊతం. అయితే రెండేళ్ళు మాత్రమే బతికే, అతివేగంగా శక్తి ఖర్చుచేసే జంతువుకు పదహారు గంటల ఉపవాసం మనిషికి పదహారు గంటల ఉపవాసంతో సమానం కాదు. చిట్టెలుకకు అది చాలా పెద్ద ఉపవాసం.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి బొమ్మ అంత స్పష్టంగా లేదు. 2022 అక్టోబరులో బోస్టన్ బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి పరిశోధకులు అధిక బరువున్న 16 మంది పెద్దవారికి ప్రయోగశాలలోనే ఒకే తిండిని ఒకసారి వేళకూ, మరోసారి సుమారు నాలుగు గంటలు ఆలస్యంగానూ పెట్టారు. ఆలస్యమైన రోజుల్లో వారికి ఆకలి పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ హార్మోన్ తగ్గింది, మెలకువగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తి కొంత తగ్గింది, కొవ్వు కణజాలంలోని జన్యువుల పనితీరు నిల్వ వైపు మొగ్గింది. దాదాపు అదే కాలంలో స్కాట్లాండ్‌లోని అబర్‌డీన్‌లో 30 మందితో జరిగిన ప్రయోగం వేరే మాట చెప్పింది. ఒకే మొత్తం కేలరీలను నాలుగు వారాలు ఉదయం ఎక్కువగా, మరో నాలుగు వారాలు రాత్రి ఎక్కువగా పంచి ఇస్తే బరువు తగ్గడంలో గానీ, శక్తి ఖర్చులో గానీ తేడా రాలేదు. ఒక్క ఆకలి విషయంలో మాత్రం రెండూ ఒక్కచోట కలిశాయి. ఉదయం బాగా తిన్నవారికి రోజంతా ఆకలి తక్కువగా ఉంది.

ఈ ఒక్క అంశానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. కేలరీలను పరిశోధకులు కొలిచి పెట్టినచోట ఆకలి పెరిగినా తరిగినా ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే ఇంకో ముద్ద దొరకదు. ఇంట్లో, హాస్టల్లో, వీధి చివర బండి దగ్గర మాత్రం ఆకలే లెక్క తేలుస్తుంది. కాబట్టి తిండి వేళ కొవ్వును నేరుగా పెంచుతుందా అన్న ప్రశ్నకు జవాబు ఇంకా తేలకపోయినా, వేళ తప్పిన తిండి ఆకలిని పెంచి, ఆ ఆకలి మరింత తినిపించి, చివరకు కొవ్వుగా మారే దారి మాత్రం నమ్మదగినదిగానే ఉంది. ‘రాత్రి తిన్నది కొవ్వుగా మారుతుంది, పగలు తిన్నది మారదు’ అన్న మాటకు మాత్రం అంత ఆధారం లేదు. రంజాన్ ఉపవాసాలు ఇందుకు మంచి ఉదాహరణ. నెల రోజులపాటు సహరీ, ఇఫ్తార్‌ల మధ్య, అంటే దాదాపు రాత్రిపూటే తినే పెద్దవారి బరువు పెరగకపోగా సగటున కిలోకు అటూ ఇటూగా తగ్గుతుందని, పండుగ తర్వాత కొద్ది వారాల్లోనే అది చాలావరకు తిరిగి వస్తుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. ఎంత తిన్నారన్నది ఎప్పుడు తిన్నారన్నదాన్ని తోసిరాజనగలదు.

కౌమారంలో రాత్రి ఆలస్యంగా వస్తుంది

ఇప్పటివరకు చెప్పుకున్న ప్రయోగాల్లో చాలావరకు పెద్దవారిపై జరిగినవి. టీనేజీ శరీరం చిన్న సైజు పెద్ద శరీరం కాదు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ కార్స్‌కాడన్ 1990ల నుంచి చేసిన పరిశోధనలు యుక్తవయస్సు వచ్చేకొద్దీ జీవగడియారం వెనక్కి జరుగుతుందని నిరూపించాయి. మెలటోనిన్ ఆలస్యంగా మొదలవుతుంది, నిద్ర ఆలస్యంగా వస్తుంది, ఉదయం మెలకువ రావడం కష్టమవుతుంది. జర్మన్ శాస్త్రవేత్త టిల్ రోనెన్‌బెర్గ్ బృందం 2004లో వేలాదిమంది నిద్ర వేళలను విశ్లేషించి, ఈ వెనకబాటు సుమారు ఇరవయ్యో ఏట, అమ్మాయిల్లో కాస్త ముందుగా, అబ్బాయిల్లో కాస్త తర్వాతగా, శిఖరానికి చేరి అక్కడినుంచి తగ్గుముఖం పడుతుందని చూపింది; కౌమారం ముగిసిందనడానికి అదే జీవసంబంధమైన గుర్తుగా తీసుకోవచ్చని కూడా ప్రతిపాదించింది. రాత్రంతా మేలుకుని పొద్దెక్కేదాకా పడుకుంటున్నాడని తిట్లు తినే కుర్రవాడి ప్రవర్తనలో సోమరితనం పాలెంతో చెప్పలేం గానీ, హార్మోన్ పాలు కొంత తప్పకుండా ఉంది.

దీని పర్యవసానం రెండు వైపులా ఉంటుంది. తొమ్మిదింటికి భోంచేసి పదకొండున్నరకు నిద్రపోయే పదహారేళ్ళ పిల్లవాడు, అదే బల్ల దగ్గర అదే వేళకు తిని పదింటికి పడుకునే తండ్రికంటే, శరీరం లెక్కలో ముందే తిన్నట్టు. కాబట్టి కేవలం గడియారం చూసి పిల్లవాడి రాత్రి భోజనాన్ని తప్పుపట్టడానికి ఆధారం బలహీనం. ఇదే లెక్కను ఉదయానికి వర్తింపజేస్తే, ఏడింటికి పళ్ళెంలో వడ్డించిన ఇడ్లీ అతడికి ఇంకా రాత్రి ముగియని వేళ ఎదురైన తిండి. ఆకలి లేదని అతడు చెప్పేది చాలాసార్లు నిజమే. టిఫిన్ మానేస్తే లావెక్కుతారన్న ప్రచారాన్ని కూడా ఈ వెలుగులోనే చూడాలి.

ఆ ప్రచారానికి ఆధారం లేకపోలేదు. అమెరికాలోని మినెసోటాలో 2,216 మంది టీనేజీ పిల్లలను ఐదేళ్ళపాటు గమనించిన ప్రాజెక్ట్ ఈట్ అధ్యయనం, ఉదయం పూట ఎంత తరచుగా తింటే బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచీ) అంత తక్కువగా ఉందని 2008లో వెల్లడించింది. అయితే లాటరీ పద్ధతిలో కొందరిని ఉదయం తినే జట్టులో, కొందరిని తినని జట్టులో వేసి పెద్దవారిపై చేసిన 13 ప్రయోగాలను 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక సమీక్ష కలిపి చూసినప్పుడు, తిన్నవారే రోజుకు సుమారు 260 కేలరీలు ఎక్కువ తీసుకున్నారని తేలింది. గమనించి రాసుకున్న అధ్యయనాలు ఒక వైపు, చేసి చూసిన ప్రయోగాలు మరో వైపు మొగ్గడానికి కారణం ఊహించడం కష్టం కాదు. లావుగా ఉన్నామనుకునే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, సన్నబడాలని ఉదయపు తిండి మానేస్తారు. అప్పుడు లావే కారణం, మానేయడమే ఫలితం. రాత్రి ఆలస్యంగా పడుకున్నవారే ఉదయం తినలేకపోతారు. అప్పుడు నిద్రలేమి ఈ రెండింటికీ వెనక ఉంటుంది. అలా అని ఈ ప్రయోగాలు టీనేజీ పిల్లలపై జరిగినవీ కావు. ఎదిగే వయసులో పూట తిండి మానడం వల్ల ఇనుము, కాల్షియం వంటివి తగ్గే సంగతి బరువు లెక్కల్లోకి రాదు.

యుక్తవయస్సులో మరో చిక్కు ఉంది. ఆ దశ మధ్యలో ఇన్సులిన్ పట్ల శరీరపు స్పందన దాదాపు మూడోవంతు తగ్గి, ఎదుగుదల పూర్తయ్యాక మళ్ళీ కోలుకుంటుంది. ఇది జబ్బు కాదు, ఎదుగుదలలో భాగం. ఆడపిల్లల ఒంట్లో కొవ్వు పాలు సహజంగా పెరుగుతుంది, మగపిల్లల్లో కండ పాలు పెరుగుతుంది. పదమూడేళ్ళ ఇద్దరమ్మాయిల్లో ఒకరు రజస్వల అయి ఏడాది దాటి, మరొకరు ఇంకా కాకపోతే, వారిద్దరి కొవ్వు శాతాలను తినే వేళలతో పోల్చి తీసే తీర్మానం అర్థం లేనిది. వయసును మాత్రమే లెక్కలోకి తీసుకుని యుక్తవయస్సు దశను వదిలేసిన అధ్యయనాలు ఏమి చెప్పినా జాగ్రత్తగా వినాలి.

అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఉన్న ఈ తేడా ఫలితాల్లోనూ కనబడుతుంది. మసాచుసెట్స్‌లో జరిగిన ప్రాజెక్ట్ వివా అధ్యయనం 12–17 ఏళ్ళ పిల్లలు 804 మందిని పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, సెలవు రోజుల్లో నిద్ర వేళ బడి రోజులకంటే ఎంత వెనక్కి జరిగితే అమ్మాయిల్లో నడుము చుట్టుకొలత అంత ఎక్కువగా ఉంది. ఒక్కో గంట జరుగుబాటుకు సుమారు 1.2 సెంటీమీటర్ల తేడా, దానితోపాటు స్కానింగ్‌లో కొలిచిన కొవ్వు కూడా ఎక్కువే. అబ్బాయిల్లో అలాంటి సంబంధం తేలలేదు. స్పెయిన్, మెక్సికో దేశాల్లో 18–25 ఏళ్ళ యువత 1,106 మందిని చూసిన మరో పరిశీలన, భోజన వేళలు పనిరోజులకూ సెలవులకూ మధ్య మూడున్నర గంటలకంటే ఎక్కువ మారేవారిలో బీఎంఐ ఎక్కువగా ఉందని పేర్కొంది. సోమవారం ఏడింటికీ ఆదివారం పదకొండింటికీ మొదటి ముద్ద తినే శరీరం, వారానికోసారి పడమటి దేశానికి వెళ్ళి వచ్చినంత పని చేస్తోంది.

ఇక నిద్ర. అమెరికాలోని సిన్సినాటిలో 93 మంది టీనేజీ పిల్లలను ఒక వారం రాత్రికి ఆరున్నర గంటలు, మరో వారం తొమ్మిదిన్నర గంటలు మంచంపై ఉండనిచ్చి వాళ్ళు ఏమి తింటున్నారో గమనించారు. నిద్ర తగ్గిన వారంలో తీపి పదార్థాలు, తీపి పానీయాలు పెరిగాయి, పళ్ళూ కూరగాయలూ తగ్గాయి. మొత్తం కేలరీల్లో మాత్రం పెద్ద తేడా లేదు. ఆ తేడా రోజంతా పరుచుకుని లేదు, రాత్రి తొమ్మిది తర్వాతే కనబడింది. టీనేజీలో ఆలస్యపు తిండి అంటే సాధారణంగా ఆలస్యమైన భోజనం కాదు, భోజనమయ్యాక మేలుకుని ఉన్న గంటల్లో నోట్లో వేసుకునే చిరుతిండి. ఆ రెండింటినీ ‘రాత్రి తిండి’ అన్న ఒకే గాటన కట్టడం ఈ చర్చలో తరచుగా జరిగే పొరపాటు.

తినే గంటలను కుదించడం

తినే వ్యవధిని ఎనిమిది గంటలకు పరిమితం చేసే పద్ధతిని ఊబకాయమున్న టీనేజీ పిల్లలపై లాస్ ఏంజలిస్ పిల్లల ఆసుపత్రి పరిశోధకులు ప్రయోగించి 2021లో ఫలితాలు ప్రకటించారు. యాభై మందిని చేర్చుకుంటే 45 మంది పన్నెండు వారాలూ పూర్తిచేశారు. పిల్లలు ఆ నియమాన్ని పాటించగలిగారు, హాని ఏమీ కలగలేదు. కానీ పన్నెండు గంటల వ్యవధిలో తిన్న జట్టుతో పోలిస్తే బరువు తగ్గడంలో తేడా లేదు. ఇది చిన్న ప్రయోగం, ఆచరణ సాధ్యమా కాదా అని చూడడానికే రూపొందింది. అయితే పెద్దవారిపై జరిగిన పెద్ద ప్రయోగం కూడా అదే దారిలో ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది ఏడాదిపాటు కేలరీలు తగ్గించి తిన్నారు. వారిలో ఒక జట్టు ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు వరకే తింది. ఆ జట్టు సగటున 8 కిలోలు, వేళ నియమం లేని జట్టు 6.3 కిలోలు తగ్గాయి, కానీ ఆ తేడా గణాంకాల లెక్కలో నిలబడేది కాదు.

ఎదిగే పిల్లలకు ఈ పద్ధతిని సిఫారసు చేయడంలో ప్రమాదం కూడా ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2020లో సవరించిన అంచనాల ప్రకారం 16–18 ఏళ్ళ అబ్బాయికి రోజుకు 3,320, అమ్మాయికి 2,500 కేలరీలు కావాలి. మధ్యాహ్నం పన్నెండుకు మొదలుపెట్టి రాత్రి ఎనిమిదికి ముగించే తిండిలో ఇంత శక్తిని, దానికి తగిన మాంసకృత్తులను ఇమిడ్చడం ఇంటి వంటతో తేలిక కాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలిన దేశంలో, సన్నబడే మోజుతో ఒక పూట తిండిని తీసేయడం చిన్న విషయమేమీ కాదు. ఉపవాస పద్ధతులు పాటించే యువతలో అతిగా తినడం, బలవంతంగా వాంతి చేసుకోవడం వంటి ఆహార రుగ్మతల లక్షణాలు ఎక్కువగా కనిపిస్తున్నాయని కెనడాలో 16–30 ఏళ్ళవారిపై జరిగిన పరిశీలన 2022లో హెచ్చరించింది.

తెలుగు నేలపై ఈ లెక్క

మన పిల్లల విషయంలో మొదటి చిక్కు బరువును కొలవడంలోనే ఉంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్, ఆయన సహపరిశోధకుడైన బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ 22.3, యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్నిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే కొవ్వు ఎక్కువున్న భారతీయ దేహాన్ని ఇంతకంటే సూటిగా చూపిన సాక్ష్యం మరొకటి లేదేమో. 2016–18 నాటి సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం 10–19 ఏళ్ళ పిల్లల్లో 24 శాతం మంది ఉండాల్సినదానికంటే సన్నగా ఉన్నారు, 5 శాతం మందే అధిక బరువుతో ఉన్నారు. అయినా ప్రతి పదిమందిలో ఒకరు మధుమేహపు అంచున ఉన్నారు. బీఎంఐ ఆధారంగా ‘మావాడికి లావు సమస్య లేదు’ అనుకునే ఇంట్లో కూడా కొవ్వు, చక్కెరల సమస్య ఉండవచ్చు. బ్రిటన్ అధ్యయనం బీఎంఐని, బోస్టన్ అధ్యయనం కొవ్వు శాతాన్ని కొలిచిన తేడా ఇక్కడ మరింత ముఖ్యమవుతుంది.

రెండో చిక్కు టైంటేబుల్. తెలుగు రాష్ట్రాల్లో పదహారు, పదిహేడేళ్ళ పిల్లల్లో చాలామంది ఇంటర్మీడియట్ రెండేళ్ళూ కార్పొరేట్ రెసిడెన్షియల్ కళాశాలల్లో గడుపుతారు, లేదా డే స్కాలర్లుగా రాత్రి స్టడీ అవర్స్ ముగించుకుని ఇంటికి చేరతారు. ఇలాంటి చోట్ల తెల్లవారుజామున ఐదు, ఐదున్నరకే లేపి చదివించడం, రాత్రి పది దాటేదాకా పుస్తకాల ముందు కూర్చోబెట్టడం మామూలు. హాస్టల్ మెస్‌లో రాత్రి భోజనం ఏడున్నర, ఎనిమిదికే అయిపోతుంది, కాబట్టి గోడ గడియారం ప్రకారం తప్పుపట్టడానికేమీ లేదు. ఆ తర్వాత మూడు గంటలు చదివేసరికి మళ్ళీ ఆకలి వేస్తుంది. అప్పుడు ఇంటి నుంచి పెట్టెలో తెచ్చుకున్న జంతికలు, చెగోడీలు, మిక్చర్, బిస్కెట్లు బయటికి వస్తాయి. మెలటోనిన్ పెరుగుతూ ఉన్న వేళ కడుపులో పడే నూనె, పిండి, చక్కెర అవే. డే స్కాలర్ పరిస్థితి ఇంకో రకం. సాయంత్రం కళాశాల బయట బజ్జీలు, పునుగులతో ఆకలి చంపుకుని, రాత్రి తొమ్మిదిన్నరకో పదికో ఇల్లు చేరి, తల్లి దాచి ఉంచిన అన్నం పూర్తిగా తిని, పుస్తకం మూసి మంచం ఎక్కుతాడు. శరీరపు కొలబద్దతో చూసినా నిజంగా ఆలస్యమైన భోజనం ఇతడిదే.

ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది నిద్ర కొరత. 13–18 ఏళ్ళవారికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో సూచించింది. పదకొండున్నరకు పడుకుని ఐదింటికి లేచే పిల్లవాడికి దక్కేది ఐదున్నర గంటలే. ట్యూబ్‌లైట్ల కింద గడిచే రాత్రి చదువు మరో పని కూడా చేస్తుంది. రాత్రివేళ పడే వెలుతురు మెలటోనిన్‌ను అణచివేస్తుంది, యుక్తవయస్సు తొలి దశలో ఉన్న పిల్లల్లో ఈ ప్రభావం మరీ ఎక్కువ. అందువల్ల శరీరపు రాత్రి మరింత వెనక్కి జరిగి, తెల్లవారి లేచే వేళతో దాని దూరం ఇంకా పెరుగుతుంది. పొద్దున ఏడింటి ఉప్మాను పిల్లలు సగం వదిలేయడానికి కారణం రుచి ఒక్కటే కాకపోవచ్చు.

ఈ ప్రాంతపు టీనేజీ పిల్లల శరీరాలను చాలాకాలం క్రితమే కొలిచిన ఉదాహరణ ఉంది. హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో 1987–90 మధ్య గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు పోషకాహారం అందించిన ప్రభావాన్ని, ఆ పిల్లలు 13–18 ఏళ్ళవారయ్యాక పరిశీలించారు. ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ, వారి ఒంట్లో ఇన్సులిన్ పనితీరు మెరుగు, కానీ కొవ్వు పాళ్ళలో తేడా లేదు. గర్భంలో, పసితనంలో అందిన తిండి పదిహేనేళ్ళ తర్వాత చక్కెర లెక్కల్లో కనిపించిందన్న ఈ ఫలితం, తిండి వేళల గురించి ఏమీ చెప్పకపోయినా, ఒక సంగతిని పక్కన పెట్టకుండా చూస్తుంది. టీనేజీ పిల్లవాడి ఒంటి కొవ్వు నిన్న రాత్రి ఎన్నింటికి తిన్నాడన్నదానితో మొదలయ్యేది కాదు.

వేళను మార్చడం ద్వారా ఏదైనా సాధించాలనుకుంటే, ఉన్న ఆధారాలు మెస్ గంటకంటే ఉదయం గంట వైపే వేలు చూపుతున్నాయి. రాత్రి భోజనాన్ని ఎనిమిది నుంచి ఏడుకు జరిపి, పదకొండు దాకా చదివిస్తే, ఆకలి మరింత ముందుగా వేసి పెట్టెలోని చిరుతిండి మరింత ఖర్చవుతుంది తప్ప ఒరిగేదేమీ కనబడదు. సాయంత్రం నాలుగున్నరకు రెండు బిస్కెట్లూ టీ బదులు గుగ్గిళ్ళో, గుడ్డో, పల్లీలో కడుపు నిండా పెట్టి, భోజనాన్ని స్టడీ అవర్స్ మధ్యకు, ఎనిమిదిన్నరకు, జరిపితే భోజనానికీ నిద్రకూ మధ్య ఉండాల్సిన దూరం చెడకుండానే ఆ తర్వాతి ఆకలి తగ్గే అవకాశం ఉంది. ఉదయం లేచే వేళ గంట వెనక్కి జరిగితే నిద్ర పెరుగుతుంది, టిఫిన్ ఆకలి ఉన్న వేళకు వస్తుంది, ఆదివారానికీ సోమవారానికీ తేడా తగ్గుతుంది. మాధ్యమిక, ఉన్నత పాఠశాలలు ఎనిమిదిన్నరకంటే ముందు మొదలు కాకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో కోరింది. కాలిఫోర్నియా దాన్ని హైస్కూళ్ళకు చట్టంగా చేసి 2022 జులై నుంచి అమలు చేస్తోంది. ఈఏపీసెట్ (పూర్వపు ఎంసెట్), జేఈఈ ర్యాంకుల లెక్కతో నడిచే టైంటేబుళ్ళను కదపడం మన దగ్గర అంత సులువు కాదు, కానీ ఇంటర్ పిల్లవాడి తిండి వేళలను నిర్ణయిస్తున్నది అతడి నాలుక కాదు, ఆ టైంటేబులే.